బొటనవేలంత పిట్ట

"మా ఆవిడ నలుగురి నోళ్ళలో నానే మనిషి సార్" అన్నాడు భర్త, ఇంటికొచ్చిన కొత్తవాళ్ళతో.

ఆమె అప్పుడు బల్ల మీద ఒలికిన టీ తుడుస్తోంది. ఇక ఏం జరగబోతుందో ఆమెకు తెలుసు. వచ్చినవాళ్ళు ఏమనాలో తోచక ఒక్క క్షణం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అప్పుడాయన, "అంటే, పళ్ళు చేస్తుంది. పింగాణి పళ్ళు. ఈ ఊళ్ళో సగం మంది మా ఆవిడ చేసిన పళ్ళతోనే నములుతున్నారు" అని విప్పి చెబుతాడు. అందరూ గొల్లున నవ్వుతారు. ఎవరో ఒకావిడ తెలియకుండానే పెదవులు మూసుకుంటుంది. పెళ్ళైన కొత్తలో ఆ మాట మొదటిసారి విన్నప్పుడు ఆమె కూడా మనస్ఫూర్తిగానే నవ్వింది. మంచి హాస్యమే మరి. కానీ ఎంత మంచి హాస్యమైనా ఏళ్ళ తరబడి అదే నోట వింటూ ఉంటే అరిగిపోయిన పన్నులా అయిపోతుంది. నొప్పీ పెట్టదు, పనికీ రాదు.

నవ్వులయ్యాక ఆయన ఒక గుక్క టీ తాగి, "ఏమోయ్, బిస్కెట్లేం లేవా?" అన్నాడు. ఆమె గుడ్డ పిండుకుని లోపలికి వెళ్ళింది.

ఆయన చెడ్డవాడు కాదు. ఈ మాట ఆమె తనలో తాను ఎన్నిసార్లు అనుకుందో. చెయ్యి చేసుకోడు, గొంతు పెంచడు, తాగడు. "మా ఇంట్లో అంతా ఆవిడ ఇష్టమే" అని పదిమందిలో చెబుతాడు, అది నిజమని నమ్ముతాడు కూడా. పొద్దున్నే ఏం వండాలన్నది ఆమె ఇష్టం. అత్తగారి మందులు ఎప్పుడు అయిపోతాయో, ఎప్పుడు తేవాలో ఆమె ఇష్టం. కుళాయి కారుతుంటే ఎవరిని పిలవాలో, ఆయన చొక్కాల్లో ఏది ఇస్త్రీకి వెయ్యాలో, చుట్టాలొస్తే ఏ గదిలో పడుకోబెట్టాలో, హాస్టల్లో ఉన్న కూతురికి జ్వరమొస్తే ఎవరు సెలవు పెట్టాలో, అన్నీ ఆమె ఇష్టమే. ఇన్ని ఇష్టాలు నెత్తినేసుకుని తిరుగుతూ తనకేది ఇష్టమో చూసుకునే తీరిక ఆమెకు దొరికేది కాదు.

పళ్ళు చేసే ల్యాబ్ ఒక పాత భవనం పై అంతస్తులో ఉంది. డాక్టర్లు రోగుల నోటి అచ్చులు తీసి పంపిస్తారు. ఇక్కడ పింగాణి పొడిని తడిపి, సన్నటి కుంచెతో కొంచెం కొంచెంగా అద్దుతూ, పొర మీద పొర పేర్చి పన్ను కడతారు. లోపల పచ్చటి పొర, దాని మీద తెల్లటిది, అంచుకి గాజులాంటిది. కొలిమిలో కాలేటప్పుడు పింగాణి ముడుచుకుపోతుంది. అందుకని కావలసినదానికంటే పెద్దగా కట్టుకోవాలి. ఎంత పెద్దగా అన్నది తెలియక కొత్తవాళ్ళు తలలు పట్టుకుంటారు. ఆమె వేళ్ళకు అది అలవాటైపోయింది. అసలు ఏ మనిషి పన్నూ పూర్తిగా తెల్లగా ఉండదు. సిగరెట్లు కాల్చేవాడి పంటికి గోధుమరంగు గీత ఒకటి సన్నగా లాగాలి. టీ మీద బతికేవాడి పంటికి చిగురు వైపు కాస్త పసుపు నీడ వెయ్యాలి. ఆ మాత్రం మచ్చ లేకపోతే కట్టుడుపన్ను కట్టుడుపన్నులాగే ఉంటుంది.

ఇంతా చేసి పంపిస్తే, రోగులు అద్దంలో చూసుకుని డాక్టరు చేతులు పట్టుకుంటారు. అది మామూలే అనుకునేది. ల్యాబ్ యజమానిని అందరూ పెద్దసారు అంటారు. ఎవరైనా డాక్టర్లు వచ్చినప్పుడు ఆయన "మా దగ్గర అందరికంటే సీనియర్ ఈవిడే" అని గర్వంగా చూపించి, అదే నోటితో "కాస్త టీ చూడమ్మా" అనేవాడు. ఆమె దగ్గర పని నేర్చుకున్న మగవాళ్ళు కుర్చీల్లో కదలకుండా కూర్చుని ఉండేవాళ్ళు. ఆడమనిషి ఆమె ఒక్కతే మరి. టీపొడి డబ్బా ఎక్కడుంటుందో వాళ్ళకు ఇప్పటికీ తెలియదు.

పురుగుల సంగతి అలాంటి ఒక టీ తర్వాతే మొదలైంది. కప్పులు కడిగి వస్తుంటే కిటికీ గట్టు మీద ఒక చచ్చిన కందిరీగ కనిపించింది. ఊడ్చిపారేద్దామని వంగింది. ఎండ దాని రెక్కలో నుంచి పడుతోంది. రెక్క అంచు లేత నీలంగా, లోపలికి వచ్చేకొద్దీ తేనె రంగుగా ఉంది. చిన్నపిల్లల ముందుపళ్ళ అంచు సరిగ్గా అలాగే ఉంటుంది. దానికి ఏ పొడి వాడాలో ఆమె ఆలోచించనే లేదు, చేతికి తట్టేసింది. గాజుపలక మీద మిగిలిపోయిన పొడి ఎలాగూ సాయంత్రానికి కడిగి పారబోసేదే. ఆ పొడితో ఒక రెక్క కట్టి, ఆ పూట పళ్ళతో పాటు కొలిమిలో పెట్టింది. బయటికి తీసినప్పుడు ఊపిరి బిగబట్టుకుంది. గోరంత రెక్క. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే వెనకాల తన వేలు లీలగా కనిపిస్తోంది. అది ఎవరి నోట్లోకీ వెళ్ళేది కాదు. ఎవరూ దానితో నమలరు. దాన్ని తిప్పి పంపి "కాస్త ఎత్తుగా ఉంది, అరగదియ్యండి" అని ఏ డాక్టరూ చీటీ రాయడు. ఈ ఆలోచనకే ఆమెకు చిన్నపిల్లలా నవ్వొచ్చింది.

ఆ తర్వాత కందిరీగకు ఒళ్ళు వచ్చింది, పారేసే సన్నతీగ ముక్కలతో కాళ్ళు వచ్చాయి. తర్వాత ఒక చీమ, ఒక పేడపురుగు, పువ్వు మీద వాలిన తేనెటీగ. పువ్వుల రేకులు మొదట్లో మొద్దుగా వచ్చేవి. తడిగా ఉన్నప్పుడే అరచేతిలో పెట్టి బొటనవేలితో నొక్కడం మొదలుపెట్టాక పలచబడ్డాయి. అరచేతి గీతలు రేకు మీద ఈనెల్లా పడేవి. మధ్యాహ్నం మిగతావాళ్ళు తిన్నాక కబుర్లు చెప్పుకునే సమయంలో ఆమె ఈ పని చేసుకునేది. పెద్దసారు ఒకసారి చూసి "మంచి కాలక్షేపం కనిపెట్టావే" అని వెళ్ళిపోయాడు. చేసినవాటిని దూదిలో చుట్టి ఇంటికి తెచ్చి, వంటింటి అలమరలో పై అరలో, పిండిడబ్బాల వెనక పెట్టుకునేది. ఆ అర మీద చెయ్యి పెట్టే మనిషి ఇంట్లో ఇంకొకరు లేరు.

భర్తకు తెలుసు. "నీకు పురుగుల పిచ్చి పట్టింది. లోకంలో ఆడవాళ్ళంతా ఇంట్లో పురుగులు లేకుండా చూసుకుంటారు, నువ్వు తయారుచేసి మరీ తెస్తున్నావు" అన్నాడు ఒకసారి. ఇంకోసారి పేడపురుగుని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "దీనివల్ల ఏం ఉపయోగం?" అని నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "ఏం లేదు" అంది. ఆ జవాబులో ఎంత సుఖముందో ఆయనకు తెలియదు.

ఆ రోజుల్లోనే అత్తగారి ముందుపన్ను విరిగింది. కోడలే కట్టింది, తన చేతిలో ఉన్న విద్యంతా పెట్టి, తీర్చినట్టుగా. పెద్దావిడ అద్దం ముందు చాలాసేపు నిలబడింది.

"బాగోలేదా అత్తయ్యా?"

"బాగుందమ్మాయ్. బాగుండటమే బాగోలేదు" అందావిడ మెల్లగా. "పాతది కాస్త పక్కకి తిరిగుండేది. పెళ్ళిచూపుల్లో నలుగురూ దాని గురించే చెవులు కొరుక్కున్నారు. నలభయ్యేళ్ళు మూతి బిగించుకుని నవ్వాను దాని మూలంగా. ఇప్పుడది లేకపోతే అద్దంలో ఎవరో పరాయిమనిషి ఉన్నట్టుంది. అలాగే వంకరగా చెయ్యడం వస్తుందా?"

"వస్తుంది" అంది కోడలు. మళ్ళీ చేసింది. వంకరపన్ను పెట్టుకుని అత్తగారు మూతి విప్పి నవ్వింది. "వంకరగా చేసినందుకు డాక్టరు నిన్నేమీ అనలేదా?" అని అడిగింది. "అన్నాడు" అంది కోడలు. ఇద్దరూ నవ్వుకున్నారు. అంతకుమించి వాళ్ళ మధ్య ఆ విషయం మీద మాటలేమీ జరగలేదు. మర్నాటి నుంచి మళ్ళీ మామూలే, కాఫీలో పంచదార ఎక్కువైందని అత్తగారు, ఎక్కువ కాలేదని కోడలు.

పిట్టకు మాత్రం చాలా కాలం పట్టింది. పన్నుకి సరిపడే పింగాణితో పిట్ట కడదామంటే మాటలు కాదు. మొదటిది కడుపు దగ్గర బద్దలైంది. తర్వాతది మెడ దగ్గర నెర్రెలిచ్చింది. లోపల బోలుగా ఉంచాలని, పొర పొరకీ విడిగా కాల్చాలని పగిలినవే నేర్పాయి. చివరికి నిలబడిన పిట్ట బొటనవేలంత ఉంది. మగపిట్ట కాదు, మెరిసే రంగులేమీ లేవు. మట్టిరంగు ఒళ్ళు, గొంతు దగ్గర బూడిద నీడ. సిగరెట్ల మరకలకూ టీ మరకలకూ వాడే రంగులతోనే ఈకలు దిద్దింది. పళ్ళకు వేసినట్టు పైన మెరుపు వెయ్యలేదు. ఇంటికి తెచ్చిన రోజు, అందరూ టీవీ ముందు ఉండగా, స్టవ్ పక్కన పెట్టుకుని దాన్ని చూస్తూ పాలు పొంగించేసింది.

కొన్నాళ్ళకు, ఒక ఉదయం పిండిడబ్బా తీస్తూ అలవాటుగా వెనక్కి చెయ్యి పోనిచ్చింది. దూది మెత్తగా తగిలింది. దూదిలో ఏమీ లేదు.

భర్త గడ్డం గీసుకుంటున్నాడు. "పై అరలో పిట్ట ఉండాలి" అందామె.

"అదా? మా మేనేజరుగారికిచ్చాను. మొన్న వాళ్ళ పెళ్ళిరోజు. ఏదైనా కొందామంటే టైం లేకపోయింది. అబ్బ, మేడమ్‌గారు ఎంత మురిసిపోయారో!"

"నన్ను అడగలేదేం?"

"అడగడానికేముంది? మనింట్లోదేగా" అన్నాడాయన, నురగలోంచి ఆశ్చర్యంగా చూస్తూ. "నీకు పేరొచ్చిందోయ్, సంతోషించు. మా ఆవిడే చేసిందని చెప్పాను."

ఆమె ఆ పూట వంట చేసింది, క్యారియర్లు సర్దింది, బస్సులో నిలబడింది. మనింట్లోదేగా అన్న మాట మాత్రం పంటి సందులో పీచులా ఇరుక్కుపోయింది. దొంగతనం అందామంటే కాదు. ఇంట్లోమనిషి ఇంట్లోవస్తువు తీసుకుంటే దానికి ఏ మాటా లేదు. ఆయన గొడుగు ఎవరికైనా ఇవ్వాలంటే తను అడుగుతుంది. ఆయన పాత రేడియో, పనిచెయ్యనిది, పారేద్దామని ఎన్నేళ్ళ నుంచి అడుగుతోందో. "అది నాది, ముట్టుకోకు" అంటాడు. ఈ ఇంట్లో ఆయనది ఉంది, అత్తగారిది ఉంది, కూతురిది ఉంది. మిగిలినదంతా మనది. అందులో తన పిట్ట కూడా ఉందన్నమాట. పోనీ, దాన్ని ఎందుకంత ప్రేమించిందో చెప్పి ఏడవొచ్చు. ఏమని చెబుతుంది? ఎవరికీ అక్కర్లేనిది గనక అది నాకు కావాలి అని చెబితే వినేవాళ్ళకు తలా తోకా దొరుకుతుందా?

ఆ వారంలోనే ఆయన ఉత్సాహంగా ఇంటికొచ్చాడు. ఆయన పనిచేసేది పెద్ద ఫర్నిచర్ షాపులో. కొత్త బ్రాంచి తన చేతికిస్తారని ఆశ. "మేడమ్‌గారి క్లబ్బులో ఏదో మీటింగుందట. వచ్చిన ఆడవాళ్ళందరికీ తలొకటి ఇద్దామనుకుంటున్నారు. సీతాకోకచిలుకలు, గులాబీలు. పురుగులూ అవీ వద్దన్నారు. మా ఆవిడ చేసేస్తుందని మాటిచ్చేశాను. నీకెంతసేపు, చేతిలో పని."

"పళ్ళకి వాడే రంగుల్లో అంత ఎరుపూ ఆకుపచ్చా ఎక్కడుంటాయండీ?"

"పైన గోళ్ళరంగు పులిమెయ్. ఎవరు చూడొచ్చారు?" అన్నాడు. తర్వాత ఇంకా దయగా, "చూశావా, ఇన్నాళ్ళూ దీనివల్ల ఉపయోగం లేదనుకున్నాం!" అన్నాడు.

ఆమె మొదలుపెట్టింది కూడా. అలవాటు అలాంటిది. ఎవరైనా చెయ్యమంటే మనసుకంటే ముందు చేతులు కదులుతాయి. మధ్యాహ్నాలు ఒక రెక్క, దానికి జోడుగా ఇంకో రెక్క. ఒక గులాబీ, అలాంటిదే ఇంకో గులాబీ. ఒకరోజు పళ్ళెంలో ఆరబెట్టిన రెక్కలను వరసగా చూసింది. అన్నీ ఒకే కొలత, ఒకే వంపు. పక్క పళ్ళెంలో ఆరుతున్న పళ్ళకూ వాటికీ తేడా కనిపించలేదు. ఎవరో అచ్చు పంపారు, తను కట్టి ఇస్తోంది. రేపు క్లబ్బులో మేడమ్‌గారి చేతులు పట్టుకుంటారు. కందిరీగ రెక్కను వెలుతురుకి ఎత్తిన రోజున తనకు వచ్చిన నవ్వు గుర్తుచేసుకోబోయింది. గుర్తొచ్చింది గానీ ఎవరిదో నవ్వులా ఉంది. కుంచె కడిగి పక్కన పెట్టింది. ఉరుములూ మెరుపులూ ఏమీ లేవు.

పెద్దసారు గదిలోకి వెళ్ళి ఒక పూట సెలవడిగింది.

"తలనొప్పా?"

"కాదండీ."

"అత్తగారికి బాగోలేదా?"

"బాగానే ఉన్నారు."

"మరి?"

"నాకు పనుంది" అంది. తన పేరు మీద తీసుకున్న మొదటి సెలవు అదేనని మెట్లు దిగుతుంటే తట్టింది.

మేనేజరు ఇల్లు పెద్దది. తలుపు తీసిన ఆయన భార్య ఆమెను చూసి సంబరపడింది. కూర్చోబెట్టింది, చల్లటి నీళ్ళిచ్చింది. "నీ చేతిలో ఏదో మహిమ ఉందమ్మా" అంటూ తనే హాల్లోని అద్దాల బీరువా దగ్గరికి తీసుకెళ్ళింది. గాజు హంసలూ వెండి గిన్నెలూ రాళ్ళు పొదిగిన గడియారమూ, వాటి మధ్య ఇరుకున పిట్ట. ఎవరో దాని మొహం గోడవైపు తిప్పి పెట్టారు.

"దీన్ని తీసుకెళ్దామని వచ్చానండీ."

"ఏం, ఎక్కడైనా పగిలిందా?"

"లేదండీ. ఇది నాది. ఎవరికైనా ఇవ్వడానికని చేసింది కాదు. నన్ను అడక్కుండా మావారు ఇచ్చేశారు."

మేనేజరు భార్య మొహంలో సంబరం మెల్లగా సర్దుకుంది. "ఇచ్చింది తిరిగి అడగడం నేనెక్కడా వినలేదమ్మా."

"నేనూ వినలేదండీ" అందామె. "కానీ ఇచ్చినాయన అడగడం లేదు కదండీ. చేసినదాన్ని, నేను అడుగుతున్నాను."

సంచిలోంచి చిన్న డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. "మీరడిగిన సీతాకోకచిలుకలు, గులాబీలు. అయినంతవరకూ తెచ్చాను. ఇవి మీరుంచుకోండి. ఇక మీద చెయ్యను."

మేనేజరు భార్య డబ్బా తెరిచి చూసింది, బీరువా వైపు చూసింది. "ఒక్క మాట చెప్పు. ఆ మట్టిరంగు పిట్టలో అంత ఏముంది? నన్నడిగితే ఇవే అందంగా ఉన్నాయి."

"అవునండీ. ఇవే అందంగా ఉన్నాయి."

ఆవిడ బీరువా తాళం తీసింది. కోపమూ లేదు, ప్రేమా లేదు. ఎదుటిమనిషి తను అనుకున్న మనిషి కాదని తెలిసినప్పటి మర్యాద, అంతే. గుమ్మం దాకా వచ్చి, "మీ ఆయనకి తెలుసా, నువ్వొచ్చినట్టు?" అని అడిగింది.

"సాయంత్రానికి తెలుస్తుందండీ."

సాయంత్రానికి తెలిసింది. ఆయన చెప్పులు కూడా విప్పకుండా హాల్లో నిలబడ్డాడు. "మేడమ్‌గారు ఫోన్ చేశారు" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే ఆమెకు సులువయ్యేది. "ఇచ్చినదాన్ని ఇంటికెళ్ళి మరీ తెచ్చుకుంటావా? నా పరువేం కావాలి? ఆ బ్రాంచి సంగతేం కావాలి? నీకోసమే కదోయ్ నేను చేసింది, నలుగురికీ నీ పనితనం తెలియాలని."

ఆయన మొహంలో నిజమైన బాధ ఉంది. అది చూడగానే, అలవాటు చొప్పున, తప్పైపోయిందండీ అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి దాన్ని అక్కడే ఆపింది. ఆగింది.

"సరే, అయిందేదో అయింది" అన్నాడాయన కూర్చుంటూ. "మిగతావి చేసిపెట్టెయ్. నేను వెళ్ళి సర్దిచెబుతాను."

"చెయ్యను."

"ఏం? ఒంట్లో బాగోలేదా? మీ పెద్దసారు ఏమైనా అన్నాడా?"

ఆయన అలా అడుగుతుంటే ఆమెకు ఒక సంగతి స్పష్టంగా కనిపించింది. ఇన్నేళ్ళలో తను దేనికైనా కాదని చెప్పిందంటే, ఆ కాదు ఇంకెవరి పేరు మీదో చెప్పినదే. అత్తయ్యకి బాగోలేదు, పిల్లకి పరీక్షలు, ల్యాబ్‌లో పని, తలనొప్పి. ఒట్టి కాదు ఆమె నోట ఎప్పుడూ రాలేదు.

"ఒంట్లో బాగుంది. ఎవరూ ఏమీ అనలేదు" అంది. "నాకిష్టం లేదండీ."

ఆయన ఇంకా ఏదో వస్తుందన్నట్టు చూశాడు. ఏమీ రాలేదు. ఆ మాట వెనక ఏదో కారణం ఉండే ఉంటుందని వెతుక్కుంటున్నట్టు కాసేపు కూర్చుని, లేచి గదిలోకి వెళ్ళిపోయాడు. రేపు, ఎల్లుండి, ఈ మాట మళ్ళీ వస్తుంది. బ్రాంచి ఇంకెవరికైనా ఇస్తే జీవితాంతం వస్తుంది. అది ఆమెకు తెలుసు. తెలిసి కూడా ఒళ్ళు తేలిగ్గా ఉంది.

పిట్టను తీసుకుని వెనక వరండాలోకి వచ్చింది. ఇంకా వెలుతురుంది. అత్తగారు కుర్చీలో కూర్చుని ఉంది. లోపలి మాటలన్నీ వినే ఉంటుంది. చెయ్యి చాపింది. కోడలు పిట్టను ఆ అరచేతిలో పెట్టింది.

పెద్దావిడ కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, దూరంగా పెట్టుకుని, చాలాసేపు చూసింది.

"ఏం చేస్తోందిది? గూడు కడుతోందా?"

"లేదత్తయ్యా."

"పిల్లలకి తిండి పెడుతోందా?"

"లేదు."

"మరి?"

"ఏం చెయ్యట్లేదు. ఊరికే కూర్చుంది."

లోపల్నుంచి ఆయన గొంతు వినిపించింది, టవలెక్కడ పెట్టావని. ఆమె అలవాటుగా లేవబోయింది. అత్తగారు పిట్టను జాగ్రత్తగా పిట్టగోడ మీద పెట్టి, కోడలి మోచెయ్యి పట్టుకుంది.

"కూర్చోనీ" అంది.